‘మేము మంచి వలసదారులం’ అనే వాదన ఇక చాలించండి: అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

ఉత్తర అమెరికా తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ధర్మకర్తలకు, మహాసభల నిర్వాహకులకు నమస్కారాలు.

నేను మీ సంఘాల్లో ఒకదానికి జీవిత సభ్యుడిని. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిపెట్టిన పాత ప్రోగ్రాములను దిద్దడానికి మనవాళ్ళను వేల సంఖ్యలో రప్పించిన రోజుల్లో, 1998లో, హెచ్-1బి వీసా మీద డాలస్ వచ్చాను. పౌరసత్వం రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. మీ మహాసభల్లో భోజనాల వరుసలో వడ్డించాను, పార్కింగు దగ్గర జూలై ఎండలో నిలబడి కార్లకు దారి చూపించాను, అడిగినప్పుడల్లా చందా ఇచ్చాను. అందువల్ల ఈ లేఖలో ‘మీరు’ అన్న ప్రతిచోటా నన్ను కూడా కలుపుకునే అంటున్నానని గ్రహించవలసిందిగా మనవి.

2025 సెప్టెంబరు తర్వాత వేర్వేరు తెలుగు సంఘాల పేరుతో నాకు చేరిన ప్రకటనలు నాలుగు. లెటర్‌హెడ్లు వేరు, సంతకాలు వేరు, లోపలి మాట మాత్రం ఒకటే. మనం చట్టాన్ని గౌరవించేవాళ్ళం, ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళం, పన్నులు సక్రమంగా కట్టేవాళ్ళం, పిల్లలను బాగా చదివించుకునేవాళ్ళం, కాబట్టి మనల్ని దొడ్డిదారిన వచ్చిన వారితో కలిపి చూడవద్దు అన్నది ఆ మాట. చదివినప్పుడు నాకూ మొదట తృప్తిగానే అనిపించింది. రెండోసారి చదివితే, ఇది వినతిపత్రంలా కాక, సంబంధం కుదుర్చుకోవడానికి పెళ్ళిచూపుల్లో పెద్దలు చెప్పుకునే గొప్పల్లా వినిపించింది. ఈ వాదన పనికిరాదని, ఇదివరకే ఒకసారి ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయిందని, దాన్ని పట్టుకుని వేలాడటం వల్ల మనం చేయవలసిన పని చేయకుండా పోతున్నామని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరుగుతున్న భాష తెలుగేననీ, 2010 నుంచి 2017 మధ్య మాట్లాడేవారు 86 శాతం పెరిగారనీ మీ సావనీర్లలోనూ వేదికల మీదా ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. ఆ లెక్క కట్టి విడుదల చేసింది సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్. ఈ దేశానికి వలసలు బాగా తగ్గించాలని ఏళ్ళ తరబడి వాదిస్తున్న సంస్థ అది. వాళ్ళు హెచ్చరికగా ప్రచురించిన అంకెను మనం అభినందన అనుకుని ఫ్లెక్సీల మీద అచ్చువేసుకున్నాం. ఇది నవ్వుకుని వదిలేసే విషయమే కావచ్చు గాని, చుట్టుపక్కలవాళ్ళు మనల్ని ఎలా చూస్తున్నారో మనకు ఎంత తక్కువ తెలుసో అందులోనే ఉంది.

ఆ తెలియనితనానికి మూల్యం 2025 సెప్టెంబరులో చెల్లించాం. 19వ తేదీ శుక్రవారం అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. అప్పటి మారకం ప్రకారం అది సుమారు 88 లక్షల రూపాయలు. 21వ తేదీ మొదటి నిమిషం నుంచే అమలన్నారు. ఆ రోజు మహాలయ అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు దొరకని ఈ నేల మీద దుకాణాల్లో కొన్న బంతులూ చేమంతులూ పేర్చుకుంటూ మా ఊరి ఆడవాళ్ళు కూర్చున్నచోట, పువ్వుల మీద కంటే ఫోన్ల మీదే ఎక్కువ చూపులు ఉన్నాయి. పెద్ద కంపెనీలు విదేశాల్లో ఉన్న తమ ఉద్యోగులను ఇరవైనాలుగు గంటల్లో తిరిగి రమ్మన్నాయి. దసరాకు ఇంటికి బయల్దేరినవాళ్ళు కొందరు ఎక్కిన విమానం దిగిపోయారు. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదనీ, ఇది ఏటా కట్టేది కాదనీ వైట్‌హౌస్ మర్నాటికి వివరణ ఇచ్చింది. ఆ ఒక్కరోజులో టికెట్ల మీద పోసిన డబ్బు సంగతి అలా ఉంచితే, పదిహేనేళ్ళుగా ఇక్కడ ఇల్లు కట్టుకుని ఉన్న మనిషి కూడా ఒక్క సంతకంతో బాటసారి అయిపోగలడని ఆ రోజు అందరికీ తెలిసివచ్చింది.

అది మొదటిది కాదు, చివరిదీ కాదు. పదవి చేపట్టిన రోజే, 2025 జనవరి 20న, అధ్యక్షుడు జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. చాలామంది మనవాళ్ళు అది సరిహద్దు దాటి వచ్చినవారి గురించి అనుకున్నారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఉండదని ఆ ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. అంటే హెచ్-1బి దంపతుల బిడ్డ. కోర్టులు ఆపాయి, వివాదం పైకి పోయింది, 2025 డిసెంబరు 5న సుప్రీంకోర్టు దాన్ని విచారణకు స్వీకరించింది. అదే నెల 15 నుంచి హెచ్-1బి దరఖాస్తుదారుల, వారి కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను కూడా పరిశీలించడం మొదలుపెట్టి, ఇండియాలోని కాన్సులేట్లలో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపారు. పెళ్ళికనో, పెద్దవాళ్ళకు బాగాలేదనో వెళ్ళిన వాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు. వీరిలో చట్టం తప్పిన వాళ్ళు ఎవరున్నారు? పన్ను ఎగ్గొట్టిన వాళ్ళు ఎవరున్నారు? మీ ప్రకటనల్లోని మంచి లక్షణాలన్నీ ఉన్నవాళ్ళే వీరు.

ఇప్పుడు ఆ వాదన పాత చరిత్రకు వస్తాను. అమృత్‌సర్ ప్రాంతం నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. వలస వచ్చినవారిలో తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం ఇచ్చే చట్టం ఆనాటిది. నల్లవారితో పాటు మాకూ హక్కు ఉండాలని ఆయన వాదించలేదు. తాను ఉన్నత కులంలో పుట్టిన ఆర్యుణ్ణనీ, కాబట్టి తెల్లవాణ్ణేననీ వాదించాడు. అమెరికా తెల్లవాడు నీగ్రోను ఎలా చూస్తాడో, పెళ్ళి విషయంలో అగ్రకుల హిందువు తన దేశపు ఆదివాసిని అలాగే చూస్తాడనే అర్థం వచ్చే వాక్యాన్ని ఆయన తరఫు న్యాయవాదులు కోర్టుకిచ్చిన పత్రంలో రాశారు. అంటే తన కింద ఉన్నవాణ్ణి చూపించి, నేను వాడిలాంటివాణ్ణి కాను అని చెప్పుకోవడమే అక్కడ అర్హత. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదనను కొట్టిపారేసింది. మామూలు తెల్లవాడు నిన్ను చూసి తెల్లవాడని అనుకోడు, కాబట్టి నువ్వు తెల్లవాడివి కావు అన్నది తీర్పు సారం. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాగేసుకోవడం ఆ తర్వాత మొదలైంది. మీ ప్రకటనల్లో కులం మాట లేదు నిజమే, దాని చోట జీతం వచ్చి కూర్చుంది. మెక్సికో నుంచి వచ్చి మన ఇళ్ళ కప్పులు వేసేవాణ్ణి చూపించి, మేము వాడిలాంటివాళ్ళం కాదు అని చెప్పడంలో నూరేళ్ళ కిందటి పత్రానికీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి.

మన భీమవరం మనిషి ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది 1922 అక్టోబరులో. నాలుగు నెలలైనా తిరగకముందే థింద్ తీర్పు వచ్చింది. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివిన ఆ మనిషి, మన ఒంట్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో తేల్చిన పరిశోధనలో పాలుపంచుకున్నాడు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ యాసిడ్ మీద, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ మీద, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద జరిగిన పనికి ఆయనే నాయకత్వం వహించాడు. ‘మంచి వలసదారు’ అనే పోటీ ఒకటి పెడితే ఆయనకు మించిన అభ్యర్థి ఈనాటికీ దొరకడు. అయినా ఆయన ఈ దేశంలో గడిపిన దాదాపు ఇరవైఆరేళ్ళలో మొదటి ఇరవైనాలుగేళ్ళు, 1946 దాకా, ఆయనకు పౌరసత్వం ఇవ్వడానికి చట్టమే ఒప్పుకోలేదు. 1948లో చనిపోయేనాటికీ ఆయన ఈ దేశ పౌరుడు కాడు. ఆయన బొమ్మ మీ సావనీర్లలో చాలాసార్లు చూశాను. ఆ బొమ్మ కింద ఈ సంగతి కూడా రెండు ముక్కలు వేస్తే మన పిల్లలకు ఉపయోగపడుతుంది.

సుబ్బారావు ప్రతిభ తెరవలేని తలుపు తర్వాత ఎలా తెరుచుకుంది? 1946 చట్టం పౌరసత్వానికి దారి ఇచ్చినా, మొత్తం భారతదేశానికి ఏడాదికి కేటాయించింది వందమందిని. మనం వచ్చిన దారి 1965 చట్టం వేసింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఓటు అడిగినందుకు తలలు పగలగొట్టించుకున్న నల్లవారి ఉద్యమం దేశపు మనస్సాక్షిని కదిపాక, ఆగస్టులో ఓటుహక్కు చట్టం మీదా అక్టోబరులో వలస చట్టం మీదా అధ్యక్షుడు జాన్సన్ సంతకాలు చేశారు. మన డాక్టర్లు, ఆ తర్వాత మన ఇంజనీర్లు వచ్చింది ఆ తలుపులోంచే. 1977లో న్యూయార్క్‌లో తెలుగువారు తొలి మహాసభ జరుపుకోగలిగినదీ అందుకే. మన మహాసభల్లో ఏ వేదిక మీదైనా ఆ రుణం గురించి ఒక్క మాట విన్నానేమోనని గుర్తుచేసుకుంటున్నాను. గుర్తుకు రావడం లేదు. పైగా పౌరసత్వం చేతికొచ్చాక, ఇక చాలు, కొత్తవాళ్ళను ఆపండి అనే మనవాళ్ళు నాకు తెలుసు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే.

2024 జూలైలో జె.డి. వాన్స్ రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి అయి, ఆయన భార్య ఉషా వాన్స్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడు మన గ్రూపుల్లో పండగ జరిగింది. తణుకు దగ్గర వడ్లూరు మూలాలు, మన ఆడపడుచు, మన అల్లుడు అంటూ పోస్టర్లు వచ్చాయి. నేనూ ఒకటి రెండు పంపాను. అదే వారం మిల్వాకీలో రిపబ్లికన్ పార్టీ సభలో ఆ అల్లుడు చేసిన ప్రసంగాన్ని మనం ఎంతమందిమి పూర్తిగా విన్నాం? అమెరికా అంటే ఒక ఆలోచన మాత్రమే కాదు, ఉమ్మడి చరిత్ర ఉన్న ఒక జనసమూహం అని చెప్పి, తూర్పు కెంటకీ కొండల్లో తన పూర్వీకులు తరతరాలుగా నిద్రిస్తున్న శ్మశానాన్ని ఆయన అందుకు సాక్ష్యంగా చూపించాడు. తన అత్తవారి కుటుంబం గురించి గౌరవంగానే మాట్లాడాడు. నేలతో, పూర్వీకుల సమాధులతో ముడిపడిన ఆ ప్రేమను నేను తప్పుపట్టను. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి అది అర్థం కాకపోదు. అయితే ఆ ఆలోచన అక్కడ ఆగడం లేదు. ఎవరి తాతలు ఇక్కడ ఎన్ని తరాలుగా ఉన్నారన్నదాన్నిబట్టి ఎవరు ఎంత అమెరికన్ అని కొలిచే వాదం ఈ రెండేళ్ళలో మూలల నుంచి నట్టింట్లోకి వచ్చింది. 2024 డిసెంబరులో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను వైట్‌హౌస్‌లో కృత్రిమ మేధ సలహాదారుగా నియమించినప్పుడు ఆ పార్టీ అనుచరుల్లోనే రేగిన రగడ గుర్తుందా? ఆ కొలబద్ద ముందు మనం ఎంత సంపాదించినా పొట్టివాళ్ళమే. ఉపాధ్యక్షుడి ఇంటి మతం సంగతి మీద మనవాళ్ళు చేసే చర్చ మాత్రం నాకు రోత. భార్యాభర్తల మధ్య మాట మన గొడవ కాదు, ఆయన చేతిలో ఉన్న అధికారం మన గొడవ.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, కొందరికి కష్టంగా ఉంటుందని తెలిసీ చెబుతున్నాను. హ్యూస్టన్ పక్కన షుగర్‌లాండ్‌లోని అష్టలక్ష్మి ఆలయంలో 2024 ఆగస్టులో తొంభై అడుగుల హనుమంతుడి విగ్రహం నిలబెట్టారు. ఏడాది గడిచాక, టెక్సాస్ నుంచి సెనేటుకు పోటీకి దిగిన ఒక అభ్యర్థి, ఇది క్రైస్తవ దేశం, ఒక అబద్ధపు దేవుడి విగ్రహాన్ని ఇక్కడ ఎందుకు ఉండనిస్తున్నాం అని బహిరంగంగా రాశాడు. మనకు కోపం వచ్చింది, రావాలి కూడా. మన పక్షాన అప్పుడు నిలిచింది రాజ్యాంగపు మొదటి సవరణ. ప్రభుత్వం ఏ మతాన్నీ తన మతం చేసుకోకూడదు, ఎవరి ఆరాధననూ అడ్డుకోకూడదు అనే వాక్యం. ఆ వాక్యం ఒకవైపే పనిచేయదు. టెక్సాస్‌లో ప్రభుత్వ బడుల తరగతి గదుల్లో పదహారు అంగుళాలకు ఇరవై అంగుళాల కాగితం మీద బైబిలు పది ఆజ్ఞలు పెట్టాలని 2025లో చట్టం చేసి, అది కోర్టులకెక్కినప్పుడు మనలో ఎందరు నోరు విప్పారు? ‘ఎవరి దేవుడైనా దేవుడే, పోనీలే’ అని నాతో అన్నవాళ్ళే ఎక్కువ. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, మెజారిటీ మతాన్నిబట్టి దేశం నడవాలని ఇండియా రాజకీయాల గురించి గట్టిగా వాదించేవాళ్ళే, ఇక్కడ అదే వాదన తమ గుమ్మంలోకి వస్తే ఆశ్చర్యపోతున్నారు. హైదరాబాదులో పుట్టి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయిన అరుణా మిల్లర్‌కు మనం పూలదండలు వేశాం, సంతోషం. అదే హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరు 4న వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైన రాత్రి నేనున్న ఏడు తెలుగు గ్రూపుల్లో ఒక్క ‘శుభాకాంక్షలు’ కనిపించలేదు. కారణం నేను రాయనక్కర్లేదు.

రాజకీయ హింస గురించి కూడా రాయక తప్పదు. 2025 జూన్ 14న మిన్నెసోటా శాసనసభ మాజీ స్పీకరు మెలిస్సా హార్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ పోలీసు వేషంలో వచ్చినవాడు వాళ్ళ ఇంట్లోనే కాల్చి చంపాడు. సెప్టెంబరు 10న యూటాలో ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులతో మాట్లాడుతుండగా చార్లీ కర్క్‌ను కాల్చి చంపారు. ఆమె డెమొక్రాట్, ఆయన ట్రంప్‌కు దగ్గరివాడు. చనిపోవడానికి వారం రోజుల ముందే కర్క్, భారతీయులకు ఇక వీసాలు వద్దని రాశాడు. ఆయన మరణవార్త వచ్చిన గంటలో నేనున్న ఒక గ్రూపులో ఇద్దరు మనవాళ్ళు పెట్టిన మాటలు చదివి తలవంచుకున్నాను. జూన్‌లో హార్ట్‌మన్ చనిపోయినప్పుడు వేరే గ్రూపులో వేరే ఇద్దరు ఆ హత్య మీద కట్టుకథలు పంచారు. మన రాజకీయం ఏదైనా కావచ్చు. ఇద్దరు పిల్లల తండ్రి చనిపోతే చంకలు గుద్దుకోవడం ఏ సంప్రదాయం? ఆ గ్రూపుల నిర్వాహకుల్లో సంఘాల పెద్దలు కూడా ఉన్నారు, ఎవరూ వారించలేదు.

తుపాకీకి మన అర్హతలు చదివే ఓపిక ఉండదని మనకు అందరికంటే ముందే తెలియాలి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలాథేలో, పని ముగించుకుని కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ‘నా దేశం విడిచి పో’ అంటూ ఒకడు కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. వాళ్ళు ఇరాన్‌వాళ్ళని తాను అనుకున్నట్టు ఆ తర్వాత హంతకుడే చెప్పాడు. మనం హెచ్-1బి, వాళ్ళు వేరు అని చెప్పుకునే సందు అక్కడ లేదు. ఆపడానికి అడ్డం వెళ్ళి తూటా తగిలించుకున్నది వాళ్ళెవరో తెలియని ఒక తెల్ల అమెరికన్. ఆ రోజు సంఘాలన్నీ ఒక్కటై నిలబడ్డాయి, ఆ కుటుంబానికి చేసిన సాయం నేను కళ్ళారా చూశాను. 2019 జనవరిలో మిషిగన్‌లో ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన దొంగ విశ్వవిద్యాలయంలో చేరి మన పిల్లలు పట్టుబడ్డప్పుడు రాత్రికి రాత్రి లాయర్లను పెట్టినదీ మీరే. ఎవరైనా ఇక్కడ కన్నుమూస్తే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే పని మీరు చేసినట్టు ఇంకెవరూ చేయలేరు. ఆపద వచ్చాక మీరు చేయగలిగిన దానికి నేను వంక పెట్టడం లేదు. నా ఫిర్యాదు మిగతా మూడొందల అరవై రోజుల గురించి.

ఆ రోజుల్లో మనం చేసే రాజకీయం అంతా ఆంధ్ర, తెలంగాణ రాజకీయమే. అక్కడి నుంచి మంత్రిగారు వస్తే ఆత్మీయ సమ్మేళనం. ఎమ్మెల్యేగారు వస్తే మీట్ అండ్ గ్రీట్. ఎన్నికలొస్తే పార్టీ జెండాలు కట్టుకుని అమెరికా రోడ్ల మీద కార్ల ర్యాలీలు. సినిమా విడుదలైతే థియేటర్లో కాగితాల వాన, తర్వాత అవి ఊడ్చుకునే కుర్రాడు మన గురించి ఇంటికెళ్ళి ఏం చెబుతాడో మనకు పట్టదు. పుట్టిన ఊరి మీద మమకారం నాకూ ఉంది, అక్కడి ఎన్నికల ఫలితాల రోజు నేనూ నిద్రపోను. కానీ మనకు ఓటు లేని చోట అంత హడావుడి, ఓటున్న చోట ఇంత మౌనం ఏమిటి? మా సిటీ కౌన్సిలు సభ్యుడి పేరు అడిగితే మా వీధిలో చెప్పగలిగిన తెలుగువాడు నాకు దొరకలేదు. భీమిలి ఎమ్మెల్యే పేరు, సిద్దిపేట ఎమ్మెల్యే పేరు అందరూ చెప్పారు. ఇక సంఘం చీలిన ప్రతిసారీ ఆ చీలిక ఏ గీత వెంబడి వచ్చిందో మనందరికీ తెలుసు. పైకి ఎవరం అనం. కులం పేరు ఎత్తకుండా కులాన్ని నడుపుకునే ఈ విద్యను మన పిల్లలు ఎంత తేలిగ్గా కనిపెట్టేస్తున్నారో మాత్రం మీకు తెలిసినట్టు లేదు. ఇరవై దాటిన పిల్లలు మీ సభలకు రాకపోవడానికి తెలుగు రాకపోవడం ఒక్కటే కారణం కాదు.

ఎందుకు మాట్లాడరు అని అడిగితే నాకు రెండు జవాబులు వచ్చాయి. మొదటిది భయం. అది నిజమైన భయం. పెట్టిన పోస్టును చూసి వీసా రద్దు చేసే కాలంలో, వీసా మీద ఉన్న మనిషిని వేదికెక్కి మాట్లాడమని నేను అడగను. అడగడం అన్యాయం కూడా. కానీ మీ కార్యవర్గాల్లో అత్యధికులు పౌరసత్వం వచ్చి ఏళ్ళు గడిచినవారు. వీసా ఉన్నవాడు భయపడటం అర్థమవుతుంది, పాస్‌పోర్టు ఉన్నవాడు వాడి భయాన్ని అరువు తెచ్చుకోవడం అర్థం కాదు. రెండో జవాబు, మనవి పన్ను మినహాయింపు ఇచ్చే 501(సి)(3) సెక్షను కింద నమోదైన సేవాసంస్థలు కాబట్టి రాజకీయం కూడదని. ఇది సగం నిజం. అలాంటి సంస్థ ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. 1954లో ఆ నిబంధన పెట్టించినది అప్పటి టెక్సాస్ సెనేటర్ లిండన్ జాన్సన్, పదకొండేళ్ళకు మనకు తలుపు తెరిచిన చట్టం మీద సంతకం చేసిన ఆయనే. అయితే ఏ పార్టీ పక్షం వహించకుండా ఓటర్లను నమోదు చేయించడాన్నీ, ఓటు ఎలా వేయాలో చెప్పడాన్నీ, పోటీలో ఉన్న అభ్యర్థులందరినీ పిలిచి చర్చ పెట్టడాన్నీ ఆ నిబంధన ఆపదు. చేయకూడనిదాన్ని చూపించి చేయదగినదాన్ని కూడా మానేయడం సాకు అవుతుంది.

టీవీలో కనిపించే అమెరికా వేరు, బల్ల దగ్గర కూర్చుంటే కనిపించే అమెరికా వేరు. నేను కొన్నేళ్ళుగా ఎన్నికల రోజున మా పోలింగు కేంద్రంలో క్లర్కుగా పనిచేస్తున్నాను. ఉదయం ఏడింటికి తలుపు తీస్తే రాత్రి ఏడింటికి మూస్తాం. ప్రధాన అధికారి ఒక పార్టీ మనిషైతే ఆయనకు బదులుగా ఉండే అధికారి అవతలి పార్టీ మనిషి. ఆ ఇద్దరూ ఒకే డబ్బాలోంచి డోనట్లు తింటూ, ఒకరి లెక్కను మరొకరు సరిచూసుకుంటూ పన్నెండు గంటలు గడుపుతారు. రిటైరైన ఒక రిపబ్లికన్ పెద్దావిడ నాకు సీలు వేయడం నేర్పింది. వలసల మీద ఆమె అభిప్రాయాలు నాకు నచ్చవు, నా అభిప్రాయాలు ఆమెకు నచ్చవు. అయినా నా పేరు ఆమె సరిగ్గా పలుకుతుంది, నేను రాని ఏడాది ఫోన్ చేసి అడుగుతుంది. ‘భారతీయులు’ అంటే ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వీడియో కాక ఒక మనిషి గుర్తుకు రావాలంటే ఇంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు. మే నెల మొదటి శనివారం జరిగే సిటీ, స్కూలు బోర్డు ఎన్నికలకు నూటికి పదిమంది కూడా రాని సందర్భాలు చాలా ఉన్నాయి. మన పిల్లల బడుల్లో ఏ పుస్తకం ఉండాలో, గుడి కట్టుకోవడానికి స్థలం అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చేది ఆ ఎన్నికల్లో గెలిచినవాళ్ళే. ఒక్క బతుకమ్మ ఆటకు వచ్చే జనం చాలు, ఆ ఎన్నికల ఫలితం మార్చడానికి.

కాబట్టి నా విన్నపాలు పెద్దవేమీ కావు. వచ్చే మహాసభలో ఒక ఆత్మీయ సమ్మేళనం తగ్గించి, ఆ గదిని, ఆ రెండు గంటలను స్థానిక ఎన్నికల అభ్యర్థుల చర్చకు ఇవ్వండి, రెండు పార్టీల వాళ్ళనూ పిలవండి. మీ ప్రకటనల్లోంచి ‘ఇతరుల్లా కాదు’ అనే ముక్క తీసేయండి. పౌరసత్వం రాని కుటుంబాల కోసం లాయర్లతో పెట్టే శిబిరాలకు సినిమా తారల విమాన ఖర్చులో సగమైనా కేటాయించండి. మీ గ్రూపుల్లో హత్యను మెచ్చుకునే మాట ఎవరు పెట్టినా, ఆ చచ్చినవాడు మన శత్రువైనా, పంపినవాణ్ణి తీసేయండి. నకిలీ అనుభవ పత్రాలతో, ఒకరి బదులు ఒకరు ఇంటర్వ్యూలకు కూర్చోబెట్టి వ్యాపారం చేసే వాళ్ళ దగ్గర స్పాన్సర్‌షిప్ డబ్బు తీసుకోవడం మానండి. మన మీద ద్వేషం పెంచేవాళ్ళకు వాళ్ళు అందించే సరుకు ఇంకెవరూ అందించడం లేదు.

చివరిగా ఓటరు నమోదు బల్ల. టెక్సాస్‌లో ఓటరు నమోదు మామూలుగా ఆన్‌లైన్‌లో జరగదు. కాగితం మీద నింపి, ఎన్నికకు ముప్ఫై రోజుల ముందే చేర్చాలి. కౌంటీ కార్యాలయంలో కొద్దిపాటి శిక్షణ తీసుకుంటే ఓటుకు అర్హులైన పౌరులెవరైనా వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్ కావచ్చు, ఆ పత్రాలు తీసుకుని ఐదు రోజుల్లోపు కార్యాలయంలో ఇచ్చేయాలి. నేను ఆ పని చేస్తున్నాను. ఒక జాగ్రత్త మాత్రం పెద్ద అక్షరాలతో ఆ బల్ల ముందు రాసిపెట్టాలి. వీసా మీద ఉన్నవారు గాని, గ్రీన్‌కార్డు ఉన్నవారు గాని పొరపాటున కూడా నమోదు కాకూడదు, అది నేరం, దేశం నుంచి పంపేయడానికి కూడా కారణం అవుతుంది. ఉత్సాహంలో ఆ తప్పు జరిగితే చేసిన మేలు కంటే కీడే ఎక్కువవుతుంది. రిజిస్ట్రేషన్ కౌంటరు పక్కన, చీరల దుకాణాలకు వెళ్ళే దారిలో ఆరడుగుల జాగా ఇవ్వండి, మూడు రోజులూ నేనే కూర్చుంటాను. ఈ నియమాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి, టెక్సాస్‌లో ఐతే కౌంటీ మారినా రిజిస్ట్రార్ పనికి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. అందువల్ల మహాసభ ఎక్కడ జరుగుతుందో నిర్ణయమైన వెంటనే తెలియజేయగలరు.

ఇట్లు,
మీ సంఘాల్లో ఒకదాని జీవిత సభ్యుడు,
డాలస్ శివారు, టెక్సాస్